ఇంట్లోనే డిజిటల్ ఆడియో కేబుల్: ఏ వైరు కొనాలి, ఏ కనెక్టర్ వేయాలి?

పోయిన వేసవిలో మా నాన్న తన పాత యాంప్లిఫయర్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేయడానికి సిద్ధమయ్యారు. పాటలు వింటుంటే మధ్యమధ్యలో సౌండ్ ఆగిపోతోంది. టప్ టప్‌మని శబ్దాలు. పెరట్లో నీళ్ల మోటారు వేసిన ప్రతిసారీ ఒకటి రెండు సెకన్లు అసలేమీ వినపడదు. "పదిహేనేళ్లు వాడాం, చాల్లే అబ్బాయ్, దానికీ వయసైపోయింది" అన్నారు.

తీరా చూస్తే యాంప్లిఫయర్‌కి ఏ జబ్బూ లేదు. సెట్‌టాప్ బాక్స్ నుంచి దానికి వెళ్లే వైరు తప్పు. ఆ వైరు వేసింది నేనే.

మాది తెనాలి దగ్గర కొలకలూరు. 2020లో వచ్చిన 'మిడిల్ క్లాస్ మెలోడీస్' సినిమా చూసినవాళ్లకి ఊరి పేరు తెలిసే ఉంటుంది. ఇక్కడ షాపుకెళ్లి "డిజిటల్ కోయాక్సియల్ ఆడియో కేబుల్ ఇవ్వండి" అంటే ఆడియో వైరు చేతిలో పెడతారు. ఆన్‌లైన్‌లో వెతికితే వందల నుంచి వేల రూపాయల దాకా రేట్లు కనిపిస్తాయి. కానీ నాకు కావాల్సిన సరైన వైరు మా డాబా మీదే ఉంది. అదే డిష్ వైరు. అది ఎందుకు సరైనదో, దానికి ఏ కనెక్టర్ వేయాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఈ పాఠంలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు జాక్ గుర్తుపట్టండి

డీవీడీ ప్లేయర్, కొన్ని హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సులు, డాక్‌లు, హోమ్ థియేటర్ల వెనక 'డిజిటల్ అవుట్' లేదా 'కోయాక్సియల్' అని రాసి ఒక గుండ్రటి జాక్ ఉంటుంది. చాలావరకు ఆరెంజ్ రంగులోనో నలుపులోనో ఉంటుంది. చూడటానికి మామూలు ఎరుపు, తెలుపు ఆడియో జాక్‌లాగే ఉంటుంది, పిన్ను కూడా అందులో చక్కగా దిగుతుంది. అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

ఎరుపు, తెలుపు జాక్‌లలో వెళ్లేది అనలాగ్ సిగ్నల్, అంటే మనం వినే శబ్దపు తరంగమే. ఎక్కువలో ఎక్కువ 20 కిలోహెర్ట్జ్. ఆరెంజ్ జాక్‌లో వెళ్లేది ఎస్‌పీడీఐఎఫ్. సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి తెచ్చిన పద్ధతి ఇది. పేరులోని మొదటి అక్షరాలు వాటివే. ఇందులో శబ్దం ఒకట్లు, సున్నాల రూపంలో వెళ్తుంది.

ఎంత వేగంగా వెళ్తుందో లెక్కేద్దాం. 48 కిలోహెర్ట్జ్ ఆడియోలో సెకనుకి 48,000 ఫ్రేములు ఉంటాయి. ఒక్కో ఫ్రేములో 64 బిట్లు. గుణిస్తే సెకనుకి 30 లక్షల 72 వేల బిట్లు. ఒక్కో బిట్‌ని పంపేటప్పుడు సిగ్నల్ రెండుసార్ల దాకా మారొచ్చు. అంటే సెకనుకి 61 లక్షల 44 వేల మార్పులు. ఇది ఆడియో వైరు పని కాదు, టీవీ సిగ్నల్ మోసే వైరు పని. పైగా సిగ్నల్ బలం కూడా తక్కువే, అర వోల్టు.

ఈ లెక్క ముందే తెలిసుంటే నేను ఆ తప్పు చేసేవాణ్ణి కాదు.

నేను చేసిన తప్పు

టీవీ, సెట్‌టాప్ బాక్స్ మా హాల్లో ఉంటాయి. యాంప్లిఫయర్ నాన్న గదిలో. గోడ వెంబడి వైరు లాగితే 6 మీటర్లు. ఇంట్లో ఉన్న రెండు సన్నటి ఎరుపు, తెలుపు ఆడియో వైర్లు తీసి, మధ్యలో జాయినర్ పెట్టి కలిపేశాను. సౌండ్ వచ్చింది. "పనైపోయింది నాన్నా" అన్నాను. వారం తిరక్కముందే గొడవ మొదలైంది.

విచిత్రం ఏంటంటే, అదే రకం వైరు అర మీటరు ముక్కతో పక్కపక్కన పెట్టి కలిపితే ఏ ఇబ్బందీ లేదు. అందుకే వైరు మీద నాకు అనుమానం రాలేదు, యాంప్లిఫయర్ మీద వచ్చింది. చిన్న ముక్కతో బాగా పనిచేసిన వైరు దూరం పెరిగితే ఎందుకు మొరాయిస్తుంది? జవాబు 75 ఓమ్స్ అనే అంకెలో ఉంది.

75 ఓమ్స్ అంటే ఏంటి?

చాలామంది మల్టీమీటర్ తీసి వైరు ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి, "ఇదేంటి, అర ఓమ్ కూడా లేదు, 75 ఎక్కడ?" అంటారు. 75 ఓమ్స్ అనేది మీటర్‌లో కనపడే రెసిస్టెన్స్ కాదు. వేగంగా మారే సిగ్నల్ వైరులో ప్రయాణించేటప్పుడు దానికి ఎదురయ్యే గుణం. దీన్నే ఇంపెడెన్స్ అంటారు. 1 మీటరు వైరుకీ, 100 మీటర్ల వైరుకీ ఆ అంకె ఒక్కటే.

మా వైపు పొలాలకి కృష్ణా కాలువ నీళ్లు వస్తాయి. కాలువ ఒకే వెడల్పుతో పోతున్నంతసేపు అల సాఫీగా ముందుకెళ్తుంది. ఉన్నట్టుండి ఇరుకు తూము వస్తే, కొంత అల దాన్ని కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది. వైరులో సిగ్నల్ కూడా అంతే. 75 ఓమ్స్ వైరు వెళ్లి 75 ఓమ్స్ ఇన్‌పుట్‌లో కలిస్తే మొత్తం లోపలికి వెళ్లిపోతుంది. 50 ఓమ్స్ వైరు వెళ్లి 75 ఓమ్స్ ఇన్‌పుట్‌ని తాకితే, తేడా 25ని మొత్తం 125తో భాగించండి. 20 శాతం వోల్టేజ్ వెనక్కి తిరుగుతుంది. అది మళ్లీ మొదటి చివర తగిలి, ఆలస్యంగా, అసలు సిగ్నల్ మీద వచ్చి పడుతుంది.

ఇప్పుడు దూరం సంగతి. సిగ్నల్ డిష్ వైరులో ఒక నానో సెకనుకి సుమారు 25 సెంటీమీటర్లు వెళ్తుంది. మామూలు ఆడియో వైరులో ఇంకాస్త నెమ్మదిగా. అర మీటరు ముక్కలో ప్రతిధ్వని పోయి రావడానికి నాలుగైదు నానో సెకన్లు చాలు. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో మార్పుకీ మధ్య 163 నానో సెకన్ల టైమ్ ఉంటుంది కాబట్టి ఆ గందరగోళం ఇట్టే సర్దుకుంటుంది. 6 మీటర్ల వైరులో ప్రతిధ్వని పోయి రావడానికే దాదాపు 50 నానో సెకన్లు. ఒకటికి రెండుసార్లు అటూ ఇటూ తిరిగిందంటే సిగ్నల్ అంచులు చెరిగిపోతాయి. దానికి తోడు సన్నటి షీల్డ్ గుండా మోటారు నాయిస్ కూడా దూరితే, యాంప్లిఫయర్‌కి ఏది ఒకటో, ఏది సున్నానో అర్థం కాక సౌండ్ ఆపేస్తుంది. మా ఇంట్లో జరిగింది ఇదే.

వైరు ఎంపిక

వైరు మీద అచ్చేసిన అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. కొనేముందు "75 ఓమ్స్" అనే మాట కోసం వెతకండి. మన దగ్గర దొరికేవి ఇవి:

ఆర్‌జీ-6: డిష్‌కీ, కేబుల్ టీవీకీ వాడే వైరు. 75 ఓమ్స్. మధ్యలో ఒకే తీగ, చుట్టూ తెల్లటి ఫోమ్, దానిపై అల్యూమినియం ఫాయిల్, ఆపైన జాలీ. 5-10 మీటర్ల దూరానికి నా ఓటు దీనికే. కాకపోతే లావుగా, బిరుసుగా ఉంటుంది.

ఆర్‌జీ-59: సీసీటీవీ షాపుల్లో దొరుకుతుంది. ఇదీ 75 ఓమ్సే. కొంచెం సన్నం, తేలిగ్గా వంగుతుంది. రాగి జాలీ ఉన్నది దొరికితే టంకం చక్కగా పడుతుంది. అదే షాపులో '3+1' అని కరెంటు తీగలు కలిపిన వైరు కూడా ఉంటుంది. అది మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఈ పనికి వద్దు.

పసుపు పిన్ను వీడియో వైరు: పాత టీవీలకి వాడిన మూడు రంగుల వైరులో పసుపుది. వీడియో కూడా 75 ఓమ్స్ పద్ధతే కాబట్టి, మీటరు రెండు మీటర్ల దూరానికి ఇది ఈ రోజే పనికొస్తుంది. ఇంట్లో ఉంటే ముందు దీన్నే పెట్టి చూడండి.

ఆర్‌జీ-58: చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ 50 ఓమ్స్. వైర్‌లెస్ సెట్లకి వాడేది. వద్దు.

ఎరుపు, తెలుపు ఆడియో వైరు, మైక్ వైరు: వీటిని ఏ ఇంపెడెన్స్‌కీ కొలిచి చేయరు. దూరానికి వద్దు.

ఇంకో ప్రశ్న: మధ్య తీగ అసలు రాగా, రాగి పూత వేసిన ఉక్కా? అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు. వైరు మీద 'సీసీఎస్' అని ఉంటే కూడా అదే. భయపడక్కర్లేదు. ఇంత వేగంగా మారే సిగ్నల్ తీగ లోపలికి వెళ్లదు, పైపొరలోనే ప్రయాణిస్తుంది. 6 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం సుమారు 0.03 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంట్లో వాడే దూరాలకి తేడా తెలియదు. అసలు రాగి మెత్తగా ఉంటుంది, వంచడం తేలిక, అంతే లాభం.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి ఒక చిన్న సరదా. ఆర్‌జీ-6 మధ్య తీగ మందం 1.02 మి.మీ., ఫోమ్ మందం 4.57 మి.మీ. భాగిస్తే 4.48. దాని లాగ్ విలువ 0.65. దాన్ని 138తో గుణిస్తే సుమారు 90. ఫోమ్ గుణం 1.45, దాని వర్గమూలం 1.2. 90ని 1.2తో భాగిస్తే 75! అంటే 75 అనేది ఆ రెండు కొలతల నుంచీ, ఫోమ్ నుంచీ పుట్టిన అంకె. అందుకే మేకు కొట్టి వైరుని నొక్కేస్తే, గట్టిగా మడిస్తే అక్కడ కొలత మారి 75 పోతుంది. గోడకి క్లిప్పులు వదులుగా వేయండి. మూల తిప్పేటప్పుడు గుండ్రంగా తిప్పండి.

కనెక్టర్ ఎంపిక

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. జాక్‌లో దూరే ఆర్‌సీఏ పిన్ను అసలు 75 ఓమ్స్ కొలతతో పుట్టింది కాదు. దాని మధ్య పిన్ను లావు, చుట్టూ ఉన్న రింగు ఇరుకు. అందుకే పిన్ను ప్యాకెట్ మీద '75 ఓమ్స్' అని పెద్దగా రాసి ఎక్కువ రేటు అడిగితే నమ్మి పరిగెత్తకండి. పిన్ను పొడవు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు. మన సిగ్నల్ అలల పొడవు పదుల మీటర్లలో, దాని పదునైన అంచుల వరకు చూసినా మీటర్లలో ఉంటుంది. ఆ కాస్త ముక్క వల్ల వచ్చే నష్టం పెద్దది కాదు. కానీ పిన్ను వదులుగా ఉంటే, అతుకు సరిగ్గా లేకపోతే మాత్రం నష్టం పెద్దదే. కాబట్టి కనెక్టర్‌లో చూడాల్సింది పట్టు, అతుకు. పైన వేసిన బంగారు రంగు కాదు.

మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, ఎఫ్ కనెక్టర్ ప్లస్ అడాప్టర్. డిష్ వైరుకి వేసే మరలున్న కనెక్టర్‌నే ఎఫ్ కనెక్టర్ అంటారు. వైరు మధ్య తీగే ఇందులో పిన్నుగా పనిచేస్తుంది, టంకం అవసరమే లేదు. దానికి 'ఎఫ్ టు ఆర్‌సీఏ' అడాప్టర్ బిగిస్తే మన జాక్‌లో దూరుతుంది. చేత్తో తిప్పి ఎక్కించే ఎఫ్ కనెక్టర్లు కొన్నాళ్లకి వదులైపోతాయి. టూల్‌తో నొక్కే కంప్రెషన్ రకం తీసుకోండి. టూల్ కొనక్కర్లేదు, కేబుల్ వేసేవాళ్ల దగ్గర ఉంటుంది. మా వీధి కేబుల్ బాబాయ్ రెండు చివరలూ రెండు నిమిషాల్లో నొక్కి ఇచ్చాడు.

రెండోది, ఆర్‌జీ-59 వైరుకి ఆర్‌సీఏ పిన్ను టంకం వేయడం. సోల్డరింగ్ చేతనైనవాళ్లకి ఇది నీటుగా వస్తుంది. వైరు జాలీ రాగిదై ఉండాలి. మామూలు ఆర్‌జీ-6లో జాలీ చాలావరకు అల్యూమినియం. దాని మీద మామూలు టంకం అంటదు. పైకి అతుక్కున్నట్టు కనపడి, నాలుగు రోజుల్లో ఊడొస్తుంది. నేను ఒక సాయంత్రమంతా ఈ ప్రయత్నంలోనే పోగొట్టుకున్నాను. పైగా ఆర్‌జీ-6 దాదాపు 7 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, మామూలు పిన్ను క్యాప్‌లో దూరదు కూడా.

మూడోది, బీఎన్‌సీ ప్లస్ అడాప్టర్. సీసీటీవీ కెమెరాలకి వాడే, తిప్పితే లాక్ అయ్యే కనెక్టర్. ఇందులో 75 ఓమ్స్ కొలతతో చేసినవి దొరుకుతాయి. కొన్ని స్టూడియో పరికరాల్లో డిజిటల్ ఆడియోకి దీన్ని కూడా వాడతారు. ఇంట్లో జాక్ ఎలాగూ ఆర్‌సీఏ కాబట్టి చివర అడాప్టర్ తప్పదు. సీసీటీవీ షాపు దగ్గర్లో ఉంటే ఇదీ మంచి దారే.

టంకం రానివాళ్లు మొదటి దారి పట్టండి. నేనూ చివరికి అదే పట్టాను.

తయారీ

1. దూరం కొలిచి, అర మీటరు ఎక్కువ తీసుకోండి. మధ్యలో జాయింట్ వద్దు, ఒకే ముక్క.

2. చివర నుంచి 12 మిల్లీమీటర్ల మేర పై తొడుగు తీయండి. జాలీని వెనక్కి మడిచి తొడుగు మీదకి వేయండి. ఒక్క వెంట్రుక తీగ కూడా ముందుకి మిగలకూడదు.

3. చివరి 6 మిల్లీమీటర్లలో ఫాయిల్, ఫోమ్ తీసి మధ్య తీగ బయటపెట్టండి. బ్లేడుతో తీగ మీద గాటు పడనివ్వకండి. ఉక్కు తీగ మీద రాగి పూత పోతే మనకి కావాల్సిన పొరే పోయినట్టు.

4. కనెక్టర్‌ని గట్టిగా లోపలికి నెట్టండి. తెల్లటి ఫోమ్ కనెక్టర్ లోపలి అంచుకి సమంగా కనపడాలి. అప్పుడు టూల్‌తో నొక్కాలి.

5. అడాప్టర్ బిగించండి. రెండో చివర కూడా ఇంతే.

టంకం దారిలో వెళ్లేవాళ్లు ముందు పిన్నుకి టంకం పట్టించి, ఆ తర్వాత తీగని తాకించి వెంటనే ఐరన్ తీసేయండి. ఎక్కువసేపు పెడితే లోపలి ఫోమ్ కరిగి, మధ్య తీగ పక్కకి జరిగి, జాలీకి తగులుతుంది.

టెస్టింగ్

మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. ఈ చివర మధ్య పిన్ను నుంచి ఆ చివర మధ్య పిన్నుకి బీప్ రావాలి. రింగు నుంచి రింగుకి బీప్ రావాలి. పిన్నుకీ రింగుకీ మధ్య బీప్ రాకూడదు. వస్తే షార్ట్ ఉన్నట్టు, చాలాసార్లు దానికి కారణం రెండో మెట్టులో మిగిలిపోయిన వెంట్రుక తీగే. వైరుని చివర్ల దగ్గర కాస్త కదిపి మళ్లీ చూడండి. కదిపితే బీప్ మారిందంటే అతుకు పచ్చిగా ఉందని అర్థం.

తర్వాత బాక్స్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోని 'పీసీఎం'లో పెట్టి వినండి. పాత స్టీరియో యాంప్లిఫయర్లకి, డాక్‌లకి డాల్బీ సిగ్నల్ పంపితే సౌండ్ రాదు, లేదా బుస్సుమంటుంది. అది వైరు తప్పు కాదు.

ఇది మాత్రం మర్చిపోవద్దు

డిష్ నుంచి దిగే వైరులో సెట్‌టాప్ బాక్స్ 13 లేదా 18 వోల్టుల కరెంటు పైకి పంపిస్తుంది, డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బీ పనిచేసేది దానితోనే. మన ఆడియో సిగ్నల్ అర వోల్టు. రెండు వైర్లూ ఒకేలా ఉంటాయి, చేతిలో ఎఫ్ టు ఆర్‌సీఏ అడాప్టర్ కూడా ఉంది. పొరపాటున బాక్స్ డిష్ సాకెట్‌ని యాంప్లిఫయర్ ఆరెంజ్ జాక్‌కి కలిపారంటే ఆ ఇన్‌పుట్ కాలిపోవచ్చు. అందుకే కొత్త వైరు రెండు చివర్లకీ ఆరెంజ్ టేపు చుట్టండి. వైర్లు మార్చే ముందు అన్ని స్విచ్‌లూ ఆపేయండి.

అలాగే డిజిటల్ అవుట్‌ని ఎరుపు, తెలుపు ఇన్‌పుట్‌కి కలిపి వాల్యూమ్ పెంచకండి. పాట రాదు. రణగొణ వస్తే స్పీకర్లకి మంచిది కాదు.

కొనాలా, చేయాలా?

మీ బాక్స్‌కీ, యాంప్లిఫయర్‌కీ రెండింటికీ ఆప్టికల్ సాకెట్ ఉంటే, దూరం తక్కువైతే, రెడీమేడ్ ఆప్టికల్ కేబుల్ కొనేయండి. అందులో వెళ్లేది కాంతి, మోటారు నాయిస్ దాన్ని ముట్టుకోలేదు. అరమీటరు, మీటరు దూరానికి పసుపు పిన్ను వైరు చాలు. ఇల్లు దాటి గది దాటి లాగాల్సి వస్తేనే ఈ డిష్ వైరు పద్ధతికి విలువ. నాకు వైరు, రెండు కనెక్టర్లు, రెండు అడాప్టర్లు కలిపి మూడు వందల లోపే అయింది.

ఒక్క మాట నిజాయతీగా. ఈ వైరు వేశాక పాటలు ముందుకన్నా తియ్యగా వినిపించవు. బిట్లు సరిగ్గా చేరితే చేరినట్టు, లేకపోతే కట్ అయినట్టు. సరిగ్గా చేరుతున్న సిగ్నల్‌కి వేల రూపాయల కేబుల్ కొత్తగా కలిపే రుచి ఏమీ ఉండదు.

వైరు మార్చిన రోజు నేను నాన్నకి ఏమీ చెప్పలేదు. ఘంటసాల పాట పెట్టి, పెరట్లోకి వెళ్లి మోటారు వేశాను. పాట ఆగలేదు. కాసేపటికి లోపల్నుంచి నాన్న గొంతు వినపడింది: "ఏరా, మోటారు వేశావా లేదా?"

పాత సామాన్లవాడు మళ్లీ వచ్చాడు. ఈసారి వాడికి ఇచ్చింది ఆ ఎరుపు, తెలుపు వైర్లనే. మీ ఇంట్లో కూడా ఏ పాత యాంప్లిఫయరో, హోమ్ థియేటరో "పాడైపోయింది" అని మూలన పడుంటే, దాన్ని వదిలించుకునే ముందు ఒక్కసారి వెనక్కి తిప్పి, ఆరెంజ్ జాక్‌లో ఏ వైరు ఉందో చూడండి.